కొమ్ములొక్కటే తక్కువ

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాడితో ఎలాగోలా వేగొచ్చు. తనకు కావలసిన కుందేలుకు తొమ్మిది సుగుణాలుండి తీరాలనేవాడితోనే కష్టం. ఆ తొమ్మిదింటినీ కనిపెట్టినవారు మా బావగారు.

మాది అన్నవరం. కొండ మీద జంటల్ని కలిపే పని సత్యదేవుడిది, కొండ కింద మా పెరట్లో కుందేళ్ళని కలిపే పని నాది. ఆయనకున్న రద్దీ నాకు లేదు గానీ పేచీలు మాత్రం నాకే ఎక్కువ. రత్నగిరెక్కే పెళ్ళివారు అన్ని పేచీలూ ఇంటి దగ్గరే తేల్చుకుని వస్తారు కదా!

బావగారిది భీమవరం వైపు. డేగ, కాకి, నెమలి, పర్ల అంటూ పందెం కోడిని ఆమడ దూరం నుంచే పోల్చేస్తారు. ఏ వారం ఏ రంగు నెగ్గుతుందో కుక్కుట శాస్త్రం అప్పజెప్తారు. ఆ చూపుతోనే మా గూళ్ళ ముందు నిలబడి, "బావా, బరువుండాలి. ఈతకు పది పిల్లలు పెట్టాలి. పాలు దండిగా ఉండాలి. తెల్లగా ఉండాలి. చెవులు నిటారుగా ఉండాలి. ఎండకి ఆగాలి. తక్కువ తినాలి. కరవకూడదు. మొహంలో కళ ఉండాలి" అన్నారు.

కొమ్ములు అడగలేదు. కుందేటి కొమ్ము సంగతి భర్తృహరి ఎప్పుడో చెప్పాడు. ఆ సుభాషితం చివరి పాదం నేను బావగారి ఎదుట ఎత్తను.

పశువుల జన్యుశాస్త్రంలో ఓ నిర్దయ లెక్క ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని లక్షణాలు నాలుగింటిని సమానంగా పట్టుకుని ఎంపిక చేస్తే, ఒక్కొక్కదానిలో వచ్చే ప్రగతి సగానికి పడిపోతుంది. తొమ్మిది పట్టుకుంటే మూడో వంతే. ఈ లెక్క చెబితే బావగారు, "అయితే మూడింతలు కుందేళ్ళు పెంచు" అన్నారు.

పైగా అన్ని గుణాలూ ఒకేలా పిల్లలకు దిగవు. బరువు కొంత నమ్మకంగా దిగుతుంది. ఈతకెన్ని పిల్లలన్న తేడాలో మాత్రం వంశం నుంచి దిగేది పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది, మిగతాదంతా మేత, కాలం, గూడు, అదృష్టం. అందుకే ఒక్క ఈతలో పది పెట్టిందని ఆడకుందేలుకి హారతి పట్టడం తొందరపాటు, మూడు నాలుగు ఈతలు చూడాలి. అయినా ఎనిమిది చన్నులున్న తల్లికి పది పిల్లలెందుకు? అది పాలిచ్చేది రోజుకొక్కసారి, అదీ ఐదు నిమిషాల లోపు. ఆ హడావిడిలో వెనకబడిన రెండూ ఏమవుతాయో బావగారి జాబితాలో లేదు. నా చిట్టాలో ఉంది. పుట్టినవాటి పక్కనే పాలు మరిచేనాటికి మిగిలినవి రాస్తాను. నేను చూసేది ఆ రెండో అంకె.

దానికన్నా ముందు చూసేవి పళ్ళు. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతాయి. పైవీ కిందివీ కలవకపోతే మేత కొరకలేదు, ఆ వంకర వంశంలో దిగుతుంది. పళ్ళు వంకరైతే రంభ అయినా నా గూట్లో జంటకు పనికిరాదు. ఇక్కడ మార్కుల్లేవు, పాసో ఫెయిలో!

తరవాతిది ఎండ. కుందేలుకు చెమటతో చల్లబడడం చేతకాదు, వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితే మగది డీలా పడుతుంది. మా మెట్టలో రోహిణి కార్తె ఎండలకి మనుషులే పంపా నదికేసి చూస్తుంటారు. బావగారేమో కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థవారి దగ్గర దొరికే వైట్ జెయింట్ తెమ్మంటారు. మంచి జాతే. కానీ అక్కడ చలికి దుప్పటి కప్పుకుంటారు, ఇక్కడ తడిగుడ్డ కప్పుకుంటాం. ఒళ్ళు పెద్దదైన కొద్దీ లోపలి వేడి బయటికి పోవడం కష్టం. మా ఎండలో కిలో తగ్గినా బతికి, ఈనేదే నాకు జెయింట్.

ఓ వేసవిలో ఆయనకి మరో ఊహ తట్టింది. కొండ పొదల్లో తిరిగే చెవులపిల్లి ఎండకేం బెదరదు కదా, దానితో సంకరం చేస్తేనో? దాని జోలికెళ్తే వన్యప్రాణి చట్టం ఊరుకోదు. చట్టం ఊరుకున్నా క్రోమోజోములు ఊరుకోవు, దానివి 48, మన కుందేలువి 44. చెవులపిల్లి పిల్ల బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని పుడుతుంది. మనది బోడిగా, కళ్ళు మూసుకుని పుడుతుంది. "శాఖలు వేరన్న మాట" అని బావగారు వెంటనే ఒప్పుకున్నారు. అన్నవరంలో ఆ మాట ఎవరికైనా తేలిగ్గా అర్థమవుతుంది.

జంట కలపడంలోనూ ఓ ఆచారముంది. ఆడదాన్నే మగదాని గూటికి తీసుకెళ్ళాలి. మగదాన్ని ఇల్లరికం పంపితే ఆవిడ తన గూట్లోకి ఎవడొచ్చాడని చితక్కొడుతుంది. ఇల్లరికం వెళ్ళిన మా బావగారు ఇది విన్నాక కాసేపు మాట్లాడలేదు.

ఇంతకీ నా వరస ఇది: పళ్ళు, ఎండ, తల్లితనం, ఆ తరవాత బరువు. రంగు అన్నిటికన్నా వెనక, మొహంలో కళ బావగారికే వదిలేశాను. ఆయన ఈమధ్య తొమ్మిది నుంచి ఏడుకు దిగారు. అందులో రంగు ఇంకా ఉంది.

మీలో ఎవరికైనా మగ కుందేలు కావాలంటే వేసవిలో మాత్రం రాకండి. ఎండదెబ్బ తిన్నది మళ్ళీ జంటకు పనికి రావడానికి ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. కార్తీకంలో రండి. వ్రతం చేయించుకుని, ప్రసాదం తీసుకుని కిందికి దిగాక ముందు చిట్టా చూపిస్తాను, తరవాతే కుందేలుని.