పుట్టకముందే బేరం

సొలానా బ్లాక్‌చెయిన్ మీద కొత్త టోకెన్ పుట్టించడానికి ఓ పేరు, ఓ కుక్క బొమ్మ చాలు. 2024 జనవరిలో వచ్చిన పంప్ డాట్ ఫన్ అనే వెబ్‌సైటు కోడు రాసే శ్రమనూ తప్పించింది.

కొనడానికి స్నైపర్ బాట్ ఉంటుంది. టోకెన్ కేరుమనేలోపే, అర సెకనులో, కొనేస్తుంది. ఆలూ చూలూ లేకున్నా సోమలింగానికి ధర పలుకుతుంది.

బాట్‌కు వాలెట్ తాళంచెవి అప్పగించాలి. బ్యాంకు పిన్ ఇంట్లోవాళ్లకూ చెప్పని మనిషి, దీన్ని మాత్రం టెలిగ్రామ్‌లోని ముఖం లేని ప్రోగ్రాము చేతిలో పెడతాడు.

మోసం పసిగట్టే స్కానర్లూ ఉన్నాయి. పచ్చరంగు చూపిస్తే కొంటారు. ఎరుపు చూపిస్తే కాస్త తక్కువ కొంటారు.

అమ్మకం అధ్యాయం చిన్నది. 2021లో స్క్విడ్ టోకెన్ 2,800 డాలర్లు దాటింది. కొన్నవాళ్లకు అమ్మే దారి లేదు; పుట్టించినవాళ్లకు ఉంది. నవంబరు 1న ధర దాదాపు సున్నా.

భారత్‌లో లాభం వస్తే 30 శాతం పన్ను. ఒక టోకెన్ నష్టాన్ని మరో టోకెన్ లాభంలో సర్దుకోవడం కుదరదు. అర సెకనులో కొనే బాట్, రిటర్ను దగ్గర మాత్రం యజమానికే దారి వదులుతుంది.