మే 20

మా అబ్బాయికి పుట్టినరోజులు రెండు. వాళ్లమ్మ పాయసం చేసి గుడికి తీసుకెళ్లేది అక్టోబరు 20న. పదో తరగతి మెమోలో అచ్చయి ఉన్నది మే 20. ఆ రెండోది రాయించింది నేను. ఇన్నాళ్లూ ఎవరడిగినా బడివాళ్లు అలా రాసుకున్నారని చెబుతూ వచ్చాను. అది అబద్ధం.

2003 జూన్‌లో, విశాఖపట్నం సీతమ్మధారలో మా వీధికి దగ్గర్లోనే ఉన్న ఒక బడికి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలన్నారు. 1998 అక్టోబరులో పుట్టినవాడికి అప్పటికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. మరో ఏడాది యూకేజీలోనే కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. తోటిపిల్లలు ముందుకెళ్లిపోతారని, వీడికో ఏడాది వృథా అవుతుందని గాభరా పడ్డాను. ఫారంలో నెల దగ్గర అక్టోబరుకు బదులు మే అని రాసి సంతకం పెట్టాను. పుట్టిన సర్టిఫికెట్ చూపించమని ఎవరూ అడగలేదు. తండ్రి మాట మీద నమ్మకంతో తీసుకున్నారు. బయటికొచ్చి వాడికి ఐస్‌క్రీం కొనిపెట్టాను. ఏడాది కలిసొచ్చిందని ఇంట్లో సంతోషంగా చెప్పాను.

నేను పోర్టులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఓడల కాగితాల్లో ఒక అంకె తేడా వస్తే సరుకు ఎన్ని రోజులు ఆగిపోతుందో నాకు తెలుసు. అయినా కొడుకు కాగితం దగ్గరకొచ్చేసరికి, తేదీదేముంది, మనిషి ముఖ్యం కదా అనుకున్నాను. మా తరంలో ఇంటింటా ఇదే జరిగింది. బడిలో వేయడానికి వయసు పెంచినవాళ్లున్నారు, ఉద్యోగంలో రెండేళ్లు ఎక్కువ ఉండటానికి తగ్గించినవాళ్లున్నారు. అందరూ చేస్తున్నారు కాబట్టి అది తప్పులా కనిపించలేదు.

వాడికి సముద్రం మీద మనసు ఎప్పుడు పడిందో నాకు బాగా గుర్తు. 2006 ఫిబ్రవరిలో మన బీచ్ ముందు రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష జరిగింది. కలాంగారు సింధురక్షక్ జలాంతర్గామిలో సముద్రం లోపలికి వెళ్లొచ్చారు. రాష్ట్రపతి నీళ్ల కింద ఉన్నారంటే ఏడేళ్ల పిల్లాడు ఆ రాత్రి నిద్రపోలేదు. అప్పటినుంచి ఏటా డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలకు మధ్యాహ్నమే వెళ్లి ఆర్‌కే బీచ్‌లో చోటు పట్టుకోవాల్సిందే. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్కలేదు. లోపల ఆ ఇరుకు దారిలో ఆగి, ఇక్కడ ఎవరు పడుకుంటారు, అక్కడ ఎవరు నిలబడతారు అని వాడే నాకు చెప్పేవాడు. నేవీలో ఆఫీసరునవుతానని తొమ్మిదో తరగతిలోనే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే, 2012 మొదట్లో, సైన్యాధిపతి జనరల్ వీకే సింగ్ పుట్టినతేదీ వివాదం సుప్రీంకోర్టుకెళ్లింది. ఆయన మెట్రిక్ సర్టిఫికెట్‌లో 1951 మే 10 అని ఉంది. కుర్రతనంలో నేషనల్ డిఫెన్స్ అకాడమీకి (ఎన్‌డీఏ) పెట్టిన దరఖాస్తులో 1950 అని పడింది. ఆ ఒక్క ఏడాది తేడా దేశ సైన్యాధిపతినే కోర్టు దాకా నడిపించింది. చివరికి ఆయన పిటిషన్ వెనక్కి తీసుకుని ఆ మే 31న పదవీ విరమణ చేశారు. ఆ వార్త రోజూ పేపర్లో చదివాను, ఆఫీసులో చర్చించాను. మా ఇంట్లోనూ అలాంటి తేదీ ఒకటుందని నాకు తట్టలేదు.

కొన్ని నెలలకు పదో తరగతి నామినల్ రోల్ వివరాలు సరిచూసుకోమని బడినుంచి కాగితం ఇంటికొచ్చింది. పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం చూశాను. తేదీ దగ్గర కన్ను ఆగింది. మార్చాలంటే బడికెళ్లి నేనే తప్పు రాయించానని ఒప్పుకోవాలి. సిగ్గేసింది. సంతకం పెట్టి పంపేశాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. 2003లో తెలియక చేశానని చెప్పుకోవచ్చు. 2012లో తెలిసే చేశాను.

నేవీ ఆఫీసరు కావడానికి మావాడు ఎంచుకున్న దారి కూడా ఆ ఎన్‌డీఏనే. దాని అర్హతలు పైకి చాలా సులువుగా కనిపిస్తాయి. పన్నెండో తరగతి పాసవ్వాలి, లేదా చదువుతుండాలి. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. అంటే మన ఇంటర్ ఎంపీసీ. పెళ్లి కాకూడదు. చూపు, వినికిడి, రంగులు గుర్తుపట్టడం పరీక్షిస్తారు. శాశ్వత పచ్చబొట్టు మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు వరకు, చేతి వెనకభాగంలో తప్ప వేరేచోట ఉంటే ఒప్పుకోరు. ఆచారం ఉన్న గిరిజనులకు మాత్రం మినహాయింపు ఉంది. ఇవన్నీ మేం చూసుకున్నాం. ఎంపీసీలో చేర్పించాను, పళ్ల డాక్టరు దగ్గరికి, కళ్ల డాక్టరు దగ్గరికి తిప్పాను. తెల్లారకముందే లేచి వాడు పరుగుకు వెళ్లేవాడు. హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్లో చెట్లన్నీ కూలిన ఆ అక్టోబరులోనూ, రోడ్డు మీద పడ్డ కొమ్మలు దాటుకుంటూ పరుగెత్తాడు. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర. అది చదివి, మనకింకా బోలెడు టైముందని నేనే ధైర్యం చెప్పాను.

వయసంటే వాళ్లు సంవత్సరాల్లో చెప్పరు. ఫలానా తేదీకి ముందు పుట్టి ఉండకూడదు, ఫలానా తేదీ తర్వాత పుట్టి ఉండకూడదు అని రోజుతో సహా గీత గీస్తారు. ఏటా రెండు పరీక్షలు, ప్రతి పరీక్షకూ ఆ గీత ఆరు నెలలు జరుగుతుంది. రాతపరీక్షలో మ్యాథ్స్‌కు 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఆ తర్వాత ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకి మళ్లీ 900. మొదటి మూడుసార్లూ వాడు రాతపరీక్షలోనే ఆగిపోయాడు. 2016 ఫిబ్రవరిలో మన తీరంలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగితే, ఇంటర్ తర్వాత చేరిన ఇంజినీరింగ్ పుస్తకాలు పక్కనపెట్టి వెళ్లి చూసొచ్చి మళ్లీ లెక్కల ముందు కూర్చున్నాడు. ఆ సెప్టెంబరులో నాలుగోసారి రాశాడు. గట్టెక్కాడు.

2017 జనవరిలో, ఎస్ఎస్‌బీ పిలుపు కోసం చూస్తుండగానే తర్వాతి పరీక్ష నోటిఫికేషన్ వచ్చింది. ఎందుకైనా మంచిదని దానికీ దరఖాస్తు పెడదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి, "నాన్నా, ఇలా రండి" అని పిలిచాడు. 1998 జులై 2కు ముందు పుట్టి ఉండకూడదు అని ఉంది. మెమోలో మే 20. నలభై మూడు రోజుల తేడా. అసలు తేదీ ఉండి ఉంటే వాడు ఈ పరీక్షా రాసేవాడు.

ఆ రాత్రి నోటిఫికేషన్ మొత్తం మొదటిసారి చదివాను. బీరువాలో అప్పటి విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్ ఉంది, పుట్టిన ఘడియతో సహా రాయించిన జాతకం ఉంది. కావాలంటే కోర్టు అఫిడవిట్ తెద్దామనుకున్నాను. మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ ఒక్కటే చెల్లుతుందని ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీ స్పష్టంగా రాసింది. జాతకాలు, అఫిడవిట్లు, మున్సిపల్ పుట్టుక నకళ్లు పనికిరావని పేరుపేరునా చెప్పింది. ఒకసారి దరఖాస్తులో చూపిన తేదీని తర్వాతి పరీక్షల్లో కూడా మార్చనివ్వరు. నా చేతిలో ఉన్న ప్రతి కాగితం పేరూ ఆ జాబితాలో ఉంది. మెమో దిద్దించుకుందామన్నా దారి లేదు. బడి రిజిస్టరులో ఉన్నదే మెమోలో పడింది, రిజిస్టరులో ఉన్నది నా రాత.

ఇంకో అవకాశం లేదన్న బరువుతో వాడు ఎస్ఎస్‌బీకి వెళ్లాడు. మొదటిరోజు స్క్రీనింగ్ దాటాడు. ఐదోరోజు కాన్ఫరెన్స్ తర్వాత చదివిన నంబర్లలో వాడిది లేదు. ఐదో పరీక్ష రాసి ఉంటే నెగ్గేవాడని నేననను. అది ఎవరూ చెప్పలేరు. ఎస్ఎస్‌బీలో ఒకసారి పోయి రెండోసారి నెగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రెండోసారి మావాడికి లేకుండా చేసింది మాత్రం నేనే. డిగ్రీ తర్వాత ఆఫీసరు కావడానికి సీడీఎస్ పరీక్ష దారి ఉంది, అదీ ఒకసారి ప్రయత్నించాడు. తర్వాత ఉద్యోగంలో చేరి బెంగళూరు వెళ్లిపోయాడు. అయినా వాడు కోరుకున్నది ఎన్‌డీఏ ఉన్న ఖడక్‌వాస్లా. అక్కడ మూడేళ్లు క్యాడెట్‌గా ఉండాలని ఏడెనిమిదేళ్లు కలగన్నాడు.

ఈ కాగితం అచ్చుకు పంపే ముందు వాడికి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. బడివాళ్లు కాదు, నేనే రాశానని అప్పుడే మొదటిసారి వాడికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మకు తెలుసా నాన్నా?" అనడిగాడు. తెలుసన్నాను. ఆమె మొదటిరోజే వద్దందని కూడా చెప్పాను. 2003లో నేను ఆమె మాట వినలేదు.

మా తమ్ముడి కొడుకు పోయినేడాది కూతుర్ని బడిలో వేయడానికి ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రైతుబజారు నుంచి అప్పుడే వచ్చాను, సంచి ఇంకా చేతిలోనే ఉంది. "పెదనాన్నా, రెండు నెలలు తక్కువపడుతోంది, ఎవరితోనైనా చెప్పి సర్దించండి" అన్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత ఆడపిల్లలకూ ఎన్‌డీఏ తలుపు తెరుచుకుంది, 2025 మేలో మొదటి 17 మంది అమ్మాయిలు శిక్షణ పూర్తిచేసుకుని బయటికొచ్చారు. ఈ పిల్ల రేపు ఏం కోరుకుంటుందో మనకేం తెలుసన్నాను. వాడు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పాప ఏడాది ఆగి, తన సొంత తేదీతోనే ఒకటో తరగతిలో చేరింది.