ఆటలో అరటిపండు

డిసెంబరు 3న పొద్దున్నే జిల్లా కేంద్రంలో సభ జరిగే మైదానానికి వెళ్లి చూడండి. పదింటి సభకు ఎనిమిదింటికల్లా పిల్లల్ని ఆటోల్లోంచీ బస్సుల్లోంచీ దించేసి ఉంటారు. నెత్తిన కాగితం టోపీ, చేతిలో ప్లకార్డు. మంత్రిగారు దారిలో ఉన్నారు. మంత్రిగారు ఎప్పుడూ దారిలోనే ఉంటారు. పదకొండున్నరకు ఓ పిల్ల బాత్రూం అని సైగ చేస్తుంది. వాళ్లమ్మ ఆ పిల్లను ఎత్తుకుని, మెట్లున్న మరుగుదొడ్డి ముందు నిలబడి, మళ్లీ ఎత్తుకుని వెనక్కి వస్తుంది. ఐక్యరాజ్యసమితి 1992లో ఈ దివ్యాంగుల దినాన్ని ప్రకటించింది. మనవాళ్లు దాన్ని అక్షరాలా పాటిస్తున్నారు. దినం అంటే ఒక్క దినమే.

వేదిక మీద సోఫాలు, టీపాయి, జీడిపప్పు ప్లేటు అన్నీ సిద్ధం. ర్యాంపు ఒక్కటే మరిచారు. ట్రైసైకిల్ పోటీలో గెలిచిన పిల్లాడు కిందే ఆగిపోతే, ముఖ్య అతిథి వేదిక అంచుదాకా వచ్చి వంగి స్టీలు టిఫిన్ బాక్సు అందిస్తారు. ‘ఇంకాస్త వంగండి సార్’ అంటాడు ఫొటోగ్రాఫర్. ఆ వంగడానికి మర్నాడు పేపర్లో ఆత్మీయత అని పేరొస్తుంది. తర్వాత ప్రసంగం. మీరు ఎవరికీ తీసిపోరని ఆయన ముప్పావుగంట చెబుతారు. సైగల భాషలో చెప్పే మనిషిని పిలవలేదు గనక, మొదటి వరసలోని బధిర పిల్లలు పక్కవాళ్ల చేతులు చూసి చప్పట్లు కొడతారు. ఆపైన పులిహోర పొట్లం, అరటిపండు.

పంచాల్సిన పండే పంచారు లెండి. మన వీధి ఆటల్లో పాత ఏర్పాటు ఒకటుంది. బుడ్డోడు నేనూ ఆడతానని ఏడిస్తే వాణ్ని ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. వాడూ పరిగెత్తుతాడు, వాడూ దాక్కుంటాడు. దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. ఏడుపు ఆగింది, ఆట చెడలేదు. సర్కారు పరిభాషలో దీన్నే సమ్మిళిత విద్య అంటారు.

ఇది అన్యాయమైన మాట అంటారా? అయితే ఏ బడికైనా ఆటల పీరియడ్‌లో వెళ్లండి. కాలిపర్లు వేసుకున్న పిల్లాడు వేపచెట్టు కింద కనిపిస్తాడు. ముందు ముప్పై జతల చెప్పులు, పదిహేను నీళ్ల సీసాలు. కాపలా. పీఈటీ సారు మంచివాడే. అందుకే వాడికి బాధ్యత అప్పజెప్పాడు. ఆడించరాదా అంటే, ‘పడితే ఎవరు సమాధానం చెప్తారండీ?’ అంటాడు. మిగతా ముప్పై మందీ రోజూ పడుతూనే ఉంటారు, వాళ్ల మోకాళ్లకు సమాధానం ఎవరూ అడగరు. వార్షికోత్సవంలోనూ వాడికో పాత్ర ఉంటుంది. చెట్టు. చెట్టు కదలదు, మాట్లాడదు, రిహార్సల్ అక్కర్లేదు. అందర్నీ కలుపుకున్నామని నివేదికలో రాసుకోవచ్చు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెప్పేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే, గుర్తించే విద్యాసంస్థలన్నీ ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానంగా చదువూ ఆటలూ వినోదమూ అందించాలి అంటుంది. చెప్పుల కాపలా ఇందులో దేని కిందికి వస్తుందో విద్యాశాఖే తేల్చాలి.

ఇక ర్యాంపు. బడి అరుగు రెండడుగుల ఎత్తుంటే, ఒకటికి పన్నెండు చొప్పున ఇరవైనాలుగు అడుగుల వాలు కట్టాలన్నది ప్రమాణం. కాంట్రాక్టరుకు అంత స్థలం కనపడదు. ఐదడుగుల్లో తేల్చేస్తాడు. పైనుంచి వదిలితే చక్రాల కుర్చీ నేరుగా గేటు దగ్గర ఆగుతుంది. కింద నుంచి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అయినా ఆ ర్యాంపు వృథా పోలేదు. హెడ్మాస్టరు గారి మోటారు సైకిలు దాని మీదుగానే వరండాలోకి ఎక్కుతుంది. ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ ఐదేళ్లలో సరిచేయాలని చట్టం గడువు పెట్టింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022 జూన్‌లో తీరింది. భవనాలకు ఆ కబురు అందినట్టు లేదు.

కొలతల శిబిరం సంగతీ చెప్పుకోవాలి. దివ్యాంగ పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం, అందులో కాంట్రాక్టు మీద పనిచేసే రిసోర్స్ పర్సన్లు. పిల్లల పేర్లూ ఇళ్లూ కష్టాలూ నిజంగా తెలిసింది ఈ మొత్తం యంత్రాంగంలో వాళ్లకే, అందుకే కాబోలు వాళ్లను పర్మనెంట్ చేయరు. శిబిరం పెట్టి, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి, కాళ్లు కొలిచి రాసుకుంటారు. ఫైలు మండలం దాటి, జిల్లా దాటి, రాష్ట్రం దాటి వెళ్లొచ్చేసరికి పిల్లాడు ఎదిగిపోతాడు. ఎదగొద్దని ముందే చెప్పి ఉండాల్సింది. వచ్చిన బూటు మడమ దగ్గరే ఆగిపోతుంది. ‘సంతకం పెట్టమ్మా, వచ్చేసారి సరైనది వస్తుంది.’ సంతకం పడింది గనక లబ్ధిదారు లబ్ధి పొందినట్టే. బూటు అటక మీదికి చేరుతుంది.

వీటన్నిటికీ ముందు వైకల్య శాతం కావాలి. సదరం శిబిరంలో నలభై వస్తేనే పింఛను. ఆ మొత్తాన్ని తెలంగాణ 2023లో 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 చేశాయి. పెంచినందుకు దండం పెట్టాల్సిందే. కానీ ముప్పై ఎనిమిది వచ్చిన పిల్లాడు ఇంటికెళ్లి ఆ మిగిలిన రెండు శాతం కోసం ఏం చేయాలో ఏ ఉత్తర్వులోనూ లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ పింఛన్ల పునఃపరిశీలన పెట్టినప్పుడు మళ్లీ అవే ఆసుపత్రి వరండాలు. దొంగ సర్టిఫికెట్లు లేవని కాదు, ఉన్నాయి. డబ్బు తీసుకుని వాటిని పుట్టించినవాళ్లను మాత్రం ఏ వరండాలోనూ వరసలో కూర్చోబెట్టినట్టు లేదు.

ప్రైవేటు బడుల వాళ్ల పద్ధతి ఇంకా మర్యాదగా ఉంటుంది. ఏసీ గదిలో కాఫీ ఇచ్చి, ‘మీ బాబుకు మేం న్యాయం చేయలేమండీ’ అంటారు. అన్యాయం చేస్తున్నామని ఇంత వినయంగా చెప్పేవాళ్లు లోకంలో అరుదు. మరీ పట్టుబడితే చేర్చుకుంటారు, షాడో టీచరు జీతం మాత్రం మీరే ఇచ్చుకోవాలి. ఫీజు సంగతి అడక్కండి, ఆ విషయంలో వాళ్లు ఏ వివక్షా చూపరు. ప్రత్యేక ఉపాధ్యాయుల మీద 2021లోనే సుప్రీంకోర్టు లెక్క చెప్పింది: ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకొకరు, ఆ పైన పదిహేనుమందికొకరు. పోస్టులు సృష్టించండి బాబూ అని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో కొన్ని పెట్టింది, ఆంధ్రప్రదేశ్ 2025లో మంజూరు చేసింది. మొదలైంది, సంతోషం. పదిమందికొకరు వచ్చేదాకా ఆ పనంతా చేస్తున్నది బడి గేటు బయట బండరాయి మీద కూర్చున్న ఒక అమ్మ.

ఆవిడ ఉద్యోగం మానేసింది. పొద్దున ఎత్తుకొచ్చి దించుతుంది, మధ్యాహ్నం లోపలికెళ్లి తినిపిస్తుంది, నాలుగింటికి మోసుకెళ్తుంది. ఇంటికెళ్లి రావచ్చు కదమ్మా అంటే, ‘బాత్రూంకి పిలుస్తారండీ’ అంటుంది. ఆయాను పెట్టడానికి నిధులు లేవు గనక సర్కారు ఆవిణ్ని మాతృమూర్తి అని పొగుడుతుంది. పొగడ్తకు బడ్జెట్ అక్కర్లేదు. ఇలాంటి ఇళ్లు కొన్నాళ్లు ఊపిరి తీసుకోవాలనే ఆలోచనా కాగితం మీద ఉంది. పిల్లల్ని తాత్కాలికంగా ఉంచుకుని చూసుకునే కేంద్రాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టుకు ఒక పథకముంది. మీ మండలానికి దగ్గర్లో అలాంటిది ఎక్కడుందని ఎంపీడీవోను అడిగి చూడండి. అలాంటిదొకటి ఉందా అని ఆయన మిమ్మల్నే అడుగుతాడు. పార్కుకు తీసుకెళ్దామంటే గేటు దగ్గర ఇనుప గొట్టాల మలుపు, బండ్లూ పశువులూ దూరకుండా. చక్రాల కుర్చీని ఏ కోవలోకి చేర్చారో మరి. పెళ్లికి పిలిచిన బంధువులది మరో రకం సేవ: ‘పిల్లాణ్ని అంతదూరం ఎందుకు తిప్పడం వదినా, వాడికే ఇబ్బంది.’

ఇంత యంత్రాంగానికీ అంతు చిక్కని పని ఊళ్లో పిల్లలు ఎప్పుడో తేల్చేశారు. ఖాళీ స్థలంలో క్రికెట్టు. కాలు సరిగా లేనివాడు బ్యాటింగ్, పక్కన బైరన్నర్. వాడు కొడితే వీడు పరిగెత్తాలి. అవుటైతే నిజంగా అవుటే. కావాలంటే గొడవ పెట్టుకోవచ్చు, బ్యాటు విసిరి కొట్టొచ్చు, రేపట్నుంచి రానని అలగొచ్చు. మొన్న ఒకడు అలాగే అలిగితే, ‘పోరా, నువ్వు లేకపోతే ఓపెనర్ ఎవడు?’ అని అడిగి మరీ పట్టుకొచ్చారు. దీనికి జీవో లేదు, లోగో లేదు, ముఖ్య అతిథి లేడు. ఈ సంగతి పైకి పొక్కితే ఉత్తమ విధానంగా ప్రకటించి, బైరన్నర్ల ఎంపికకు కమిటీ వేసి, ప్రతి పరుగుకూ జియోట్యాగ్ ఫొటో యాప్‌లో పెట్టమంటారు. ఆ సర్క్యులర్ వచ్చేలోపు ఇంకో రెండు ఓవర్లు వేసేయండిరా.