సిస్టమేశ్వరరావు

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో మీకు తెలుగు స్నేహితులుంటే వాళ్ళలో ఒక సిస్టమేశ్వరరావు ఉండే ఉంటాడు. గచ్చిబౌలిలో కూడా ఇప్పుడిప్పుడే తయారవుతున్నాడు. అది పేరు కాదు, బిరుదు. తోటి ఆటగాళ్ళు ఆయన వెనకాల ప్రదానం చేశారు.

ఆటేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒకటి తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు వీరుడో, మంత్రగాడో, దొంగో అయిపోయి "నేను తలుపు బద్దలుకొడతా" అంటారు. బద్దలయింది తలుపో, వాడి భుజమో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ నియమాల కట్టనే సిస్టం అంటారు. అంతే ఆట. మిగిలింది చిప్స్.

మన సిస్టమేశ్వరరావు కథ నడిపేవాడు. 2023 జనవరి దాకా బాగానే నడిపాడు. మా రూల్స్ తీసుకుని మీ పుస్తకాలు మీరు వేసుకోండి, మాకు పైసా ఇవ్వక్కర్లేదు అంటూ ఆ ఆట తాలూకు కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2000లో ఒక లైసెన్సు ఇచ్చింది. దాన్ని పక్కనపెట్టి, బాగా సంపాదించే ప్రచురణకర్తల దగ్గర వాటా పుచ్చుకునే కొత్త లైసెన్సు ముసాయిదా ఆ జనవరిలో బయటికి పొక్కింది. అభిమానులు భగ్గుమన్నారు. నెల తిరక్కుండానే కంపెనీ దిగొచ్చి, మూల నియమాల్ని ఎవరైనా వాడుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. గొడవ చల్లారింది. ఈయన చల్లారలేదు. జన్మలో ఒక్క కరపత్రం కూడా అచ్చేసినవాడు కాదు, ఆ లైసెన్సు ఆయన నీడని కూడా తాకదు. అయినా సరే, ఆ కంపెనీ గడప ఇక తొక్కనని శపథం పట్టాడు.

అలా అలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు లెండి. ఎనిమిది నెలలకి సరిపోతాయనుకున్న పాత్‌ఫైండర్ అనే పోటీ ఆట పుస్తకాలు రెండే వారాల్లో ఖాళీ అయ్యాయని దాని ప్రచురణకర్తలే చెప్పుకున్నారు. వాటిలో ఒకటి ఈయన ఇంటికొచ్చింది. 640 పేజీలు. బల్ల మీద పెడితే టీ కప్పులు అదిరాయి.

"మామా, ఆ గాబ్లిన్‌ని నరికేస్తా."

"నరుకు. కాకపోతే ఇందులో ఒక అందముంది రా. నీ వంతులో మూడు పనులు చెయ్యొచ్చు..."

ఆ అందం ముప్పావుగంట పట్టింది. ఒకసారి కొట్టాక రెండోసారి కొడితే గురి ఎంత తగ్గుతుందో, కావలసిన అంకె మీద పది ఎక్కువ పడితే ఏమవుతుందో, పది తక్కువైతే ఏమవుతుందో అన్నీ వివరించాడు. అంతసేపూ గాబ్లిన్ కత్తెత్తుకుని ఓపిగ్గా నిలబడింది. చివరికి పాచిక వేసే టైముకి నరకాల్సినవాడు వంటింట్లో బిర్యానీ వేడిచేసుకుంటున్నాడు.

మర్నాడే గ్రూపులో మెసేజి: "పాత్‌ఫైండర్ మనకి బరువు. తేలికైంది దొరికింది." ఆ తేలికైంది షాడోడార్క్. అందులో కాగడా వెలిగిస్తే నిజం గడియారంలో గంటకి ఆరిపోతుంది. గుహ చీకటి, దయ్యాలకి పండగ. భలే రూలు, కాదనను. కానీ అది తెలుగువాళ్ళ శనివారం సాయంత్రాన్ని చూడనివాళ్ళు రాసిన రూలు. కాగడా వెలిగించగానే ఒకడికి ఇండియా నుంచి అమ్మ ఫోను, అక్కడ ఆదివారం తెల్లారింది మరి. ఇంకొకడు కూతుర్ని పియానో క్లాసు నుంచి తేవాలి. గుహలో కాలు పెట్టకముందే కాగడా కొండెక్కింది.

తరవాత డంజియన్ క్రాల్ క్లాసిక్స్. ఏడు ముఖాలవి, పధ్నాలుగు ముఖాలవి, ముప్ఫై ముఖాలవి, ఇంట్లో లేని పాచికలన్నీ దానికి కావాలి. పార్సిల్ వచ్చేదాకా ఆట వాయిదా. ఇందులో మొదట వీరులుండరు. తలా ముగ్గురో నలుగురో పనికిమాలిన పల్లెటూరివాళ్ళని ఇచ్చి గుహలోకి తోలతారు. చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు వీరులవుతారు. ఒక మిత్రుడు తన నలుగురికీ ఆఫీసులో మేనేజర్ల పేర్లు పెట్టుకుని, ఒక్కొక్కణ్ణీ గోతిలోకి సంతోషంగా పంపించాడు. ఆ రాత్రి నవ్వీ నవ్వీ పొట్టలు నొప్పెట్టాయి. ఒంటిగంటైనా ఎవరూ లేవలేదు. హమ్మయ్య, దొరికిందిరా అనుకున్నారంతా.

వారం తిరిగేసరికి ఆయన ముఖం మాడిపోయి ఉంది. "మంత్రాలకి మరీ ఇన్ని పట్టికలా? నాకు నచ్చలేదు."

అదీ మనిషి. ఆట కుదరకపోతే సిస్టం మారుస్తాడు, కుదిరితే ఇంకా తొందరగా మారుస్తాడు.

వాళ్ళావిడ ఒకరోజు అందరికీ పకోడీలు పెడుతూ, "నన్ను చూడ్డానికొచ్చి పావుగంటలో సరేనన్నారు ఈయన, ఆ రోజున ఏ పేజీ చదివారో మరి" అంది. ఆయన నవ్వలేదు. రన్‌క్వెస్ట్ అనే ఇంకో ఆటలో బాతు మనుషులున్నారని ఎవరికో చెబుతున్నాడు. డ్రాగన్‌బేన్‌లోనూ ఉన్నారట. బాతుల్ని పోలుస్తూ అరగంట గడిచింది. గర్ప్స్ కొన్నాడు, రోల్‌మాస్టర్ కొన్నాడు. ఈ రోల్‌మాస్టర్‌లో నరికిన గాయానికో పట్టిక, పొడిచిన గాయానికో పట్టిక, చితికిన గాయానికో పట్టిక. వార్‌హామర్‌లో ఎలకలు పట్టేవాడి ఉద్యోగం కూడా ఉంది, తోడుగా ఓ చిన్న కరిచే కుక్కనిస్తారు. అది మాత్రం అందరికీ నచ్చింది. అందుకే కాబోలు ఆడలేదు.

ఈ జబ్బు కొత్తది కాదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చిన మరుసటేడే, 1975లో, అరిజోనాకి చెందిన కెన్ సెయింట్ ఆండ్రే ఆ నియమాలు కొరుకుడు పడక, మామూలు ఆరు ముఖాల పాచికలతో ఆడుకునేలా టనెల్స్ అండ్ ట్రోల్స్ రాసుకున్నాడు. అంటే ప్రత్యామ్నాయం వయసు అసలు ఆట కంటే ఒక్క ఏడాదే తక్కువ. కాకపోతే ఆయన రాసి, ఆడాడు. మనాయన చదివి, సర్దుతాడు.

ఆయన ఫిర్యాదులన్నీ అబద్ధాలని కాదు. పాత్రల స్థాయి పెరిగేకొద్దీ పాత ఆటలో ఒక్క యుద్ధమే పూటంతా నడుస్తుందన్న మాట నిజమే. కానీ మా బల్ల దగ్గర నడవడానికి కారణం, మంత్రగాడు తన మంత్రాలు తను చదువుకుని రాకపోవడం. ఆరింటికి రమ్మంటే ఏడున్నరకొచ్చేవాడికి ఏ పుస్తకంలోనూ పెనాల్టీ లేదు. అన్ని పుస్తకాలు వెతికిన ఆయనకది తెలియకపోదు.

ఇంతకీ పాపం, కొత్త కుర్రాళ్ళు ఆయన్నే అడుగుతారు: "అన్నా, దేంతో మొదలెట్టమంటారు?" ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ముందు నీకు కథ కావాలా, యుద్ధం కావాలా, ప్రపంచం కావాలా చెప్పు" అంటాడు. ఆ కుర్రాడు మళ్ళీ కనపడడు.

మీకు సరదా ఉంటే ఆయన్ని ఆ ప్రశ్న అడక్కండి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాలు, పాత్‌ఫైండర్ నియమాలు నెట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగానే దొరుకుతాయి. నలుగురు మనుషులు, ఒక పాచికల సెట్టు చాలు. అచ్చు పుస్తకమే కావాలంటే మాత్రం తిన్నగా ఆయన ఇంటికే వెళ్ళండి. సగం ధరకిస్తాడు, ఒక్క పేజీ నలిగి ఉండదు. ఎందుకు అమ్మేస్తున్నారని మాత్రం అనకండి. శనివారం పోతుంది.