చేతులు మారిన డిష్: ఒక అలాస్కా పల్లె భూకేంద్రం ఆత్మకథ

ఉపగ్రహ భూకేంద్రం అంటే, భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమంగా తిరుగుతూ నేల మీదివారికి కదలనట్టే కనిపించే ఉపగ్రహానికి మాటను పంపి, అక్కడి నుంచి దిగివచ్చే మాటను అందుకొనే సరంజామా. అందులో కంటికి ఆనే భాగం డిష్ యాంటెన్నా. ఇక్కడ తన కథ చెప్పుకొంటున్నది అలాంటి ఒక డిష్, వ్యాసం 4.5 మీటర్లు, నివాసం అలాస్కా నైరుతి భాగంలో కుస్కోక్విమ్ నది దిగువన, బయటి ప్రపంచంతో రోడ్డు సంబంధం లేని ఒక యూపిక్ ఆదివాసుల పల్లె శివారు. ఆత్మకథ ఉత్తమ పురుషలో సాగడం ఆనవాయితీయే అయినా, ఇది ప్రథమ పురుషలోనే సాగుతుంది. ఎందుకంటే తనను గురించిన లైసెన్సుల్లో, ఒప్పందాల్లో, కమిషన్ల ఉత్తర్వుల్లో ఈ డిష్ ఎన్నడూ కర్త కాలేదు, ఎప్పుడూ కర్మగానే మిగిలింది. అది కొనబడింది, అమర్చబడింది, నిర్వహించబడింది, బదలాయించబడింది. తెలుగువారు మాటల్లో అంతగా వాడని కర్మణి ప్రయోగం దీని జీవితానికి మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

తెలుగు ఇళ్ళ డాబాల మీది డిష్‌లు తల బాగా ఎత్తి ఆకాశంలోకి చూస్తాయి. ఉత్తర ధ్రువానికి చేరువైన అలాస్కాలో ఉపగ్రహం దక్షిణ దిగంతానికి కాస్త ఎగువన మాత్రమే ఉంటుంది కనుక, అక్కడి డిష్ దాదాపు నేలబారుగా, ఎవరి రాక కోసమో వాకిట్లో నిలబడి బాట వైపు చూస్తున్నట్టుగా ఉంటుంది. పునాది కూడా మామూలు నేల కాదు; ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండి, పై పొర మాత్రం వేసవిలో కరిగి కుంగే శాశ్వత హిమభూమి. అందుచేత ఈ డిష్‌కు ఒరగకుండా నిలబడడమే ఒక ఉద్యోగం.

దాని పూర్వీకుల చరిత్ర సైన్యంతో మొదలవుతుంది. బంగారు వేట రోజుల్లో, 1900లో, అమెరికా కాంగ్రెస్ అలాస్కా కోటలను కలిపే తంతి వ్యవస్థకు ఆమోదం తెలపగా, సైన్యపు సిగ్నల్ కోర్ నేల మీద తీగలూ సముద్రం అడుగున కేబులూ వేసింది. సైనికుల వర్తమానాలతోపాటు వర్తకుల వర్తమానాలనూ రుసుముకు మోసిన ఆ వ్యవస్థకు 1936లో అలాస్కా కమ్యూనికేషన్ సిస్టమ్ అని పేరు మారింది, 1962లో దాని పెత్తనం వైమానిక దళానికి వెళ్ళింది. అంటే 1959లో రాష్ట్రంగా అవతరించిన తరవాత కూడా అలాస్కా పౌరుడు దూరపు ఊరికి ఫోను చేయాలంటే సైన్యం నడిపే వ్యవస్థనే ఆశ్రయించాలి. రక్షణ అవసరాల లెక్కలో బెతెల్, నోమ్ వంటి కూడళ్ళకు చోటు దక్కింది గాని, యాభై, వంద కుటుంబాల నదీతీరపు పల్లెలకు దక్కలేదు.

ఈ వ్యవస్థను ప్రైవేటుకు అమ్మడానికి కాంగ్రెస్ 1967లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. సైన్యపు పాత ట్రక్కును వేలం వేయడానికి చట్టం అక్కర్లేదు. టెలిఫోను వ్యవస్థకు అవసరమైంది, ఎందుకంటే అమ్ముడుపోయేవి తీగలూ స్తంభాలూ మాత్రమే కాదు, వాటి మీద ఆధారపడ్డ జనం కూడా. కొనేవాడు చెల్లించే ధరతోపాటు వినియోగదారుడి మీద వేసే ధరలు ఎంత తగ్గిస్తాడు, కొత్తగా ఎంత పెట్టుబడి పెడతాడు అన్నవి కూడా ఎంపికలో తూకానికి వచ్చాయి. ఆర్‌సీఏ సంస్థ 1969లో ఎంపికై, సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లకు వ్యవస్థను కొని, 1971 జనవరిలో స్వాధీనం చేసుకొంది. ఎంపికకూ స్వాధీనానికీ మధ్య గడిచిన కాలం ఊరికే పోలేదు. అంతర్రాష్ట్ర సేవలకు వాషింగ్టన్‌లోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అనుమతి, రాష్ట్రం లోపలి సేవలకు అలాస్కా ప్రజోపయోగ సేవల కమిషన్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. 'ప్రజల సౌకర్యం, అవసరం' పేరిట ఇచ్చే ఈ ధ్రువపత్రం అర్థం ఏమిటంటే, ఫలానా ప్రాంతంలో ఫలానా సేవ అందించే హక్కు ఇస్తున్నాం, దానితోపాటే అడిగినవారికి ఆ సేవ అందించే బాధ్యతనూ నెత్తిన పెడుతున్నాం అని. హక్కును మాత్రం తీసుకొని బాధ్యతను వెనకటి యజమాని దగ్గరే వదిలి వెళ్ళడానికి వీల్లేకుండా చూడడమే బదలాయింపు మీద నియంత్రణ సంస్థ పెట్టే నిఘాలోని అసలు పని. మిగిలినదంతా గుమాస్తా పని అనవచ్చు.

ఆ బాధ్యతకు పల్లెల వైపు రూపం 'బుష్ టెలిఫోను' పథకం. బుష్ అంటే అలాస్కావారి వాడుకలో రోడ్డు చేరని మారుమూల ప్రాంతం. అప్పటిదాకా ఫోను ఎరగని నూట నలభైకి పైగా పల్లెల్లో ఒక్కొక్కదానికి కనీసం ఒక్క ఫోను పెట్టడానికి కొత్త యజమాని ఒప్పుకొన్నాడు. ఊరికి ఒక్క ఫోను అంటే అది సాధారణంగా దుకాణంలోనో సామాజిక భవనంలోనో ఉంటుంది. దుకాణం మూస్తే ఫోనూ మూతపడుతుంది, మాట్లాడేవాడి కష్టసుఖాలు వరసలో నిలబడ్డవారందరికీ తెలుస్తాయి. అంతమాత్రం మాట కూడా అనుకొన్న వేగంతో నెరవేరలేదు. కొండల నుంచి కొండలకు రేడియో తరంగాలు అందించే పద్ధతి ఈ చదునైన, చెల్లాచెదురైన నేలలో ఖర్చుతో కూడినది; పల్లె నుంచి వచ్చే రాబడి ఆ ఖర్చు దరిదాపులకు కూడా రాదు. ధ్రువపత్రం మీద బాధ్యతను రాయడం సులువే, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాయకపోతే ఆ బాధ్యత కాగితం దిగి రాదని ఈ డిష్ పుట్టుకే రుజువు చేస్తుంది.

ఈలోగా మరో దారిలో ఒక ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ 1966లో ప్రయోగించిన ఏటీఎస్-1 ఉపగ్రహాన్ని వాడుకొని, 1971 నుంచి అలాస్కాలోని 26 చోట్ల ఉన్న ఆరోగ్య సహాయకులు ఆస్పత్రి వైద్యుడితో రోజూ మాట్లాడారు. ఆరోగ్య సహాయకులంటే తమ పల్లెలోనే ఉంటూ, కొద్దిపాటి శిక్షణతో జ్వరం నుంచి కాన్పు దాకా చూసుకొనే స్థానికులు. అంతకుముందు వారికి దిక్కైన హ్రస్వతరంగ రేడియో, ధ్రువకాంతులు వెలిగిన రాత్రుల్లో, అంటే వాతావరణపు పై పొరలు కల్లోలపడినప్పుడు, మూగబోయేది. ఆకాశం అందంగా ఉన్న రోజున వైద్యుడు దొరకడన్నమాట. ఉపగ్రహం ఆ తంటా తప్పించింది. చిన్న, చవక పరికరంతో పల్లెను నేరుగా ఉపగ్రహానికి కలపవచ్చని నలుగురికీ చూపింది.

రాష్ట్రం ఆ పాఠాన్ని పట్టుకొంది. పల్లెల కోసం ఎంత పెద్ద డిష్ కావాలన్నది పైకి ఇంజనీర్ల తగవుగా కనిపించినా, అది నిజానికి ఎన్ని పల్లెలకు సేవ చేరుతుందన్న తగవు. డిష్ పెద్దదైతే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే జాబితా చివరన ఉన్న పల్లె జారిపోతుంది. అలాస్కా శాసనసభ 1975లో 50 లక్షల డాలర్లు కేటాయించి, కనీసం 25 మంది శాశ్వత నివాసులున్న పల్లెల కోసం వందకు పైగా చిన్న భూకేంద్రాలు కొనడానికి పూనుకొంది. వాటిని నిలబెట్టడం, నడపడం ఆర్‌సీఏ అనుబంధ సంస్థ అలాస్కామ్ వంతు. ఈ డిష్ జన్మరహస్యం ఇదే: ప్రభుత్వ ధనం దీన్ని కన్నది, ప్రైవేటు సంస్థ పెంచింది, ఫెడరల్ కమిషన్ నామకరణం చేసింది. ప్రభుత్వం డబ్బు పెట్టి ప్రైవేటు లాభానికి కొమ్ము కాసిందన్న విమర్శ తేలిగ్గా చేయవచ్చు గాని, బదలాయింపు షరతు దానంతట అదే పల్లెకు నడిచి రానప్పుడు రాష్ట్రం ముందున్న ప్రత్యామ్నాయం మరో విడత విచారణలే. డిష్ పక్షపాతం ఇందులో ఉండకపోదు. ఆ కొనుగోలు లేకపోతే ఈ కథే లేదు.

ప్రతి కేంద్రానికీ కనీసం రెండు మాటల దారులు ఉండేవి: ఒకటి ఊరి దూర సంభాషణలకు, రెండోది ఆరోగ్య సహాయకురాలూ వైద్యుడూ మాట్లాడుకోవడానికి. ఒక చిక్కు మాత్రం చాలాకాలం వదలలేదు. ఒక పల్లె నుంచి పక్క పల్లెకు చేసిన పిలుపు ఈ డిష్ నుంచి ఉపగ్రహానికి ఎక్కి, నగరపు కేంద్రంలో దిగి, అక్కడ దారి మార్చుకొని, మళ్ళీ ఉపగ్రహం మీదుగా పక్క పల్లె డిష్‌కు చేరాలి. ఒక్కోసారి ఎక్కి దిగడానికి పావు సెకను పైచిలుకు పడుతుంది కనుక, ఒకరు పలకరించిన తరవాత జవాబు వినబడేసరికి సెకను దాటిపోతుంది. ఆ ఖాళీలో పలకరించినవారు రెండోసారి నోరు తెరుస్తారు, ఇద్దరి మాటలూ గుద్దుకొంటాయి. పదిమైళ్ళ దూరంలోని చుట్టంతో మాట్లాడడానికి మాట లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైగా తిరిగి వచ్చేది.

1979లో ఆర్‌సీఏ అలాస్కామ్‌ను పసిఫిక్ పవర్ అండ్ లైట్ అనే విద్యుత్ సంస్థ చేతికి అమ్మింది. పల్లెలో ఆ రోజు ఏమీ మారలేదు, అదే మంచు, అదే ఫోను. మారకపోవడమే నియంత్రణ సఫలమైందనడానికి గుర్తు. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం 214వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రాంతానికి సేవ నిలిపివేయాలంటే ముందుగా కమిషన్ అనుమతి తీసుకోవాలి; యజమాని వెళ్ళిపోవచ్చు గాని, సేవను వెంట తీసుకుపోరాదు. అసలు ఆధారం మాత్రం ధరల ఏకీకరణ అనే విధానంలో ఉంది. అలాస్కా పిలుపులకు విడిగా హెచ్చు ధర పెట్టకుండా, మిగతా దేశంలో అంత దూరానికి ఎంత పడుతుందో అంతే వసూలు చేయాలని ఫెడరల్ కమిషన్ 1972లో సూత్రం పెట్టగా, అది క్రమంగా అమలైంది, 1996 చట్టంలోకీ ఎక్కింది. తేడా ఖర్చును దేశమంతటి దూర సంభాషణల రాబడి మోసింది. టెక్సాస్‌లో ఎవరో తల్లికి చేసిన పిలుపులోంచి ఒక వంతు ఈ డిష్ మీది మంచు దులపడానికి ఉపయోగపడిందన్నా అబద్ధం కాదు.

1982లో అరోరా అనే కొత్త ఉపగ్రహం ఎగిరింది. అదే కాలంలో పోటీ వచ్చింది. జీసీఐ అనే స్థానిక సంస్థ నగరాల్లో దూర సంభాషణలు మొదలుపెట్టింది. పల్లెలకు మాత్రం ఫెడరల్ కమిషన్ ఒకే భూకేంద్రం నియమాన్ని విధించింది. సన్నని రాబడిని ఇద్దరు పంచుకొంటే ఇద్దరూ మునుగుతారని, ఆ ఖర్చు చివరికి దేశపు వినియోగదారుల మీద పడుతుందని దాని తర్కం. మొదట్లో ఇది ఈ డిష్‌కు కంచెలా కాపు కాసింది. కంచె కాపుదల నుంచి అడ్డంకిగా ఎప్పుడు మారిందో చెప్పడం కష్టం గాని, 1996లో జీసీఐ 50 పల్లెల్లో ప్రయోగానికి మినహాయింపు పొందేనాటికి మారిపోయిందనడంలో సందేహం లేదు: కొత్త పరికరాలు పల్లె నుంచి పల్లెకు ఒక్కసారి ఎక్కి దిగడంతోనే మాటను చేర్చాయి. పాత డిష్‌కు ఇది అవమానమే. 2003లో కమిషన్ ఆ నియమాన్ని ఎత్తివేసింది.

అంతకుముందే, 1995లో అలాస్కామ్ ఏటీ అండ్ టీకి అమ్ముడుపోయినప్పుడు కమిషన్ పెట్టిన షరతుల్లో, పల్లెల ఖర్చునూ ఇతర ప్రాంతాల ఖర్చునూ విడదీసి చూపే ధరల పట్టిక ఒకటి. ధరల పట్టిక అంటే సంస్థ ఏ సేవకు ఎంత తీసుకొంటుందో కమిషన్ దగ్గర దాఖలు చేసే బహిరంగ పత్రం. అందులో కనిపించని ఖర్చును ఎవరూ ప్రశ్నించలేరు. ఊళ్ళోని ఇంటింటి ఫోన్ల సంగతి వేరే చేతుల్లో ఉండేది. బెతెల్ చుట్టుపక్కల యునైటెడ్ యుటిలిటీస్ అనే సంస్థ చూసుకొనేది. 2008లో దానినీ జీసీఐ కొన్నది. 2012 నాటికి జీసీఐయే సముద్రగర్భపు, సరస్సు అడుగు కేబుళ్ళతో, కొండల మీది సూక్ష్మతరంగ స్తంభాలతో నైరుతి అలాస్కాలోని 65 పల్లెలను నేల దారిన కలిపింది.

ఆ తరవాత ఈ డిష్ పేరిట ఏ ఉత్తర్వూ వెలువడలేదు. పునాది కింది హిమభూమి కరగడంతో అది కొంచెం ముందుకు ఒరిగింది. ఒకప్పుడు దక్షిణ దిగంతానికి పైన ఉపగ్రహాన్ని చూసిన చూపు ఇప్పుడు నది ఒడ్డున బోర్లించిన పడవల మీద పడుతోంది.