రెండో చీటీ

2016 చివర్లో, ఖమ్మంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఇద్దరు స్నేహితులతో కలిసి రక్తదాతల జాబితా తయారుచేయడానికి పూనుకున్నాడు. కాలేజీలన్నీ తిరిగి, ఫారాలు నింపించి, పేరు, ఊరు, ఫోను, బ్లడ్ గ్రూప్ సేకరించారు. అర్ధరాత్రి ఎవరికో ఓ నెగటివ్ కావాల్సి వస్తే క్షణంలో దాత దొరకాలన్నది వాళ్ల తపన. డేటాబేస్‌కి మాంగోడీబీ ఎంచుకున్నారు.

ముగ్గురివీ మూడు రకాల కంప్యూటర్లు. విండోస్ కుర్రాడే ఎక్కువ తిప్పలు పడ్డాడు. ఇన్‌స్టాల్ సాఫీగానే అయింది గానీ, సర్వర్ మొదలైన వెంటనే ఆగిపోయేది. సీ డ్రైవ్‌లో ‘డేటా’, దాని లోపల ‘డీబీ’ అనే ఫోల్డర్లు ముందే ఉండాలి. అప్పట్లో వాటిని మనమే చేసి పెట్టాలి. అవి పెట్టాక సర్వర్ నిలబడింది. కానీ అది నడుస్తున్న నల్ల విండో మూస్తే మళ్లీ ఆగిపోయేది. మ్యాక్ ఉన్నవాడు హోమ్‌బ్రూతో పని కానిచ్చాడు. మావాడిది ఉబుంటు, సర్వీస్ స్టార్ట్ చేయగానే 27017 పోర్టు మీద సర్వర్ సిద్ధమైంది.

పరీక్షలు ముగిశాక అసలు జాబితాను నెట్‌లో అద్దెకు తీసుకున్న ఉబుంటు సర్వర్ మీదికి ఎక్కించారు. ఇంటి నుంచి కనెక్ట్ అవ్వబోతే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంది. సెట్టింగుల ఫైల్లో బైండ్ ఐపీ 127.0.0.1 అని ఉంది. అంటే ఆ యంత్రం లోపలి నుంచి పిలిస్తేనే సర్వర్ పలుకుతుంది. ఆ నిరాకరణ నిజానికి కాపలా. మావాడు దాన్ని 0.0.0.0 గా మార్చాడు. ఇక ఎవరు ఎక్కడి నుంచి పిలిచినా పలుకుతుంది. పాస్‌వర్డ్ మనం పెట్టమంటే తప్ప అడగదు, వాళ్లు పెట్టమనలేదు. ముగ్గురి కంప్యూటర్లూ కనెక్ట్ అయ్యాయి. ఎక్కించడం అయిపోయిందని ఫారాలను పాత పేపర్లవాడికి ఇచ్చేశారు.

2017 జనవరిలో ప్రపంచమంతటా ఇలా తలుపులు తెరిచి ఉన్న వేలాది మాంగోడీబీ సర్వర్లపై దొంగలు పడ్డారు. ఒక ఉదయం మావాడు చూసేసరికి జాబితా లేదు. దాని స్థానంలో ఒక చీటీ ఉంది: మీ డేటా మా దగ్గరుంది, 0.2 బిట్‌కాయిన్ పంపితే తిరిగిస్తాం. అప్పటి ధరలో దాదాపు రెండు వందల డాలర్లు.

“మామయ్యా, ఇన్ని వందల మంది మమ్మల్ని నమ్మి నంబర్లిచ్చారు, ఎలాగైనా తేవాలి” అంటూ ఫోన్లో ఏడ్చాడు. ఇలాంటివాళ్లకు డబ్బు కట్టకూడదనే నా అభిప్రాయం, అదే చెప్పాను. కానీ ఆ పిల్లల బాధ్యత ముందు నా మాట నిలవలేదు. ముగ్గురూ హాస్టల్ ఖర్చులు తగ్గించుకుని, చీటీలో ఉన్న చిరునామాకు డబ్బు పంపారు. జవాబు లేదు.

చివరికి నాకు తెలిసిన ఇంజనీరు ఒకాయన ఆ సర్వర్ లాగ్ తెరిచి చదివాడు. అందులో ఒకే రాత్రి రెండు తొలగింపులు ఉన్నాయి, రెండు వేర్వేరు చిరునామాల నుంచి. మొదటివాడు రక్తదాతల డేటాబేస్‌ను తుడిచేసి, తన చీటీని ఒక కొత్త డేటాబేస్‌లో పెట్టి పోయాడు. కొన్ని గంటల తర్వాత రెండోవాడు వచ్చి, కనబడిన ఆ డేటాబేస్‌నూ తుడిచేసి, తన చీటీ పెట్టాడు. పిల్లలు చదివిందీ, డబ్బు కట్టిందీ ఆ చీటీకే.

వాళ్ల డబ్బు తీసుకున్నవాడికి ఆ సర్వర్‌లో దొరికింది మొదటి దొంగ చీటీ ఒక్కటే.