తూటాల పెట్టెకు టీకా తాత్పర్యం

అవతారిక: అమెరికాలో రివాల్వరుతో దుప్పి వేటకు వెళ్లేవాడు ఆకురాలు కాలం దగ్గరపడగానే తుపాకుల కొట్టులో బల్ల ముందు నిలబడతాడు. ఎదురుగా వరసగా పెట్టెలు. అన్నీ ఒకే కొలతవి, అన్నీ అతని తుపాకిలో పట్టేవే. ఏది గురిగా వెళ్తుందో మాత్రం కొట్టువాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. ప్రతి పెట్టె మీదా ఒక గ్రంథం అచ్చువేసి ఉంటుంది. అది సూత్రప్రాయం కాబట్టి దుర్బోధం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం గనక తెలుగు పండితులెవరూ దీని జోలికి పోయినట్టు లేదు. మెదకు సీమ సంస్కృత కావ్య వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిన పూనినవాడు. ఈ టీకాకారుడికి ఆ నియమం కుదరదు. ఇక్కడ మూలంలో లేనిదే అసలు విషయం.

మూలం: ".44 మాగ్నం. 240 గ్రెయిన్లు. మెత్తని మొన. సెకనుకు 1,180 అడుగులు. 50."

ప్రతిపదార్థం: .44 = అంగుళంలో నూటికి నలభై నాలుగు వంతుల లావు గల గుండు కలది. అబద్ధం. గుండు నిజం లావు .429 అంగుళాలు. పూర్వకాలపు తూటాల్లో గుండు ఇత్తడి గొట్టం వెలుపలి కొలతకు సమానంగా ఉండేది. తరవాత అది సన్నబడి గొట్టంలోపలికి దిగింది. ఊరు వదిలి మూడు తరాలైనా ఇంటిపేరు వదలనట్టు పాత అంకె అలాగే నిలిచిపోయింది. మాగ్నం = 1955 చివర స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి తెచ్చినది; పాత .44 స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు, పాత తుపాకుల్లో పొరపాటున కూడా దూరకూడదని. 240 గ్రెయిన్లు = గుండు బరువు, పదిహేనున్నర గ్రాములు. మందు బరువని కొత్తవారు భ్రమిస్తారు. మెత్తని మొన = రాగి తొడుగు దాటి సీసం ముక్కు బయటికి కనిపించేది. సెకనుకు 1,180 అడుగులు = ఫ్యాక్టరీలో పరీక్షకు బిగించిన గొట్టంలోంచి వచ్చిన వేగం; మీ గొట్టం పొడుగును బట్టి అటో ఇటో అవుతుంది. 50 = తూటాల సంఖ్య. మూలంలో సందేహానికి తావులేని పదం ఇదొక్కటే.

అన్వయం: వాక్యంలో క్రియ లేదు. "తగులును" అని అధ్యాహారం చేసుకోవాలి. ఎవరు చేయాలి?

పూర్వపక్షం: పేరున్న కంపెనీది, ఖరీదైనది కొంటే తగులుతుంది కదా? ఒక్కో తూటా డాలరు పైనే పలుకుతున్నప్పుడు ఆ పాటి గురి దానిలోనే ఉండొద్దూ?

సిద్ధాంతం: ఉండదు. గురి తూటాలో లేదు, తుపాకిలోనూ లేదు. రెంటి పొత్తులో ఉంది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే గ్రంథమంతటికీ ముడి ఇదే.

రైఫిలుకు గొట్టం వెనకభాగమే తూటా కూర్చునే గది. రివాల్వరుకు గొట్టం ఒకటి, గదులు ఆరు, అవి తిరిగే సిలిండరులో వేరుగా ఉంటాయి. పేలగానే గుండు ఇత్తడిని వదిలి గది కొసనున్న సన్నని గొంతులోంచి దూరుతుంది. అక్కడినుంచి ఒకటి రెండు కాగితాల మందమున్న సందు దాటుతుంది. అవతల గొట్టం మొదట్లోని వెడల్పు నోట్లో పడి, అప్పుడు మరచుట్లను పట్టుకుంటుంది. గొంతు గొట్టం కంటే బిగువైతే గుండు అక్కడే నలిగి సన్నబడి, గొట్టంలో వదులుగా పోతుంది. గొంతు మరీ వదులైతే ఒరిగి ప్రవేశిస్తుంది. సిలిండరు సరైన చోట ఆగకపోతే గుండు ఒక పక్క చెక్కుకుపోతుంది. పైగా ఆరు గొంతులూ ఒకే కొలత ఉంటాయన్న పూచీ లేదు. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఒక తుపాకి కాదు. ఒకే పిడికి అమర్చిన ఆరు తుపాకులు. పక్కవాడి దగ్గర అదే మోడలులో అద్భుతంగా పేలిన పెట్టె మీ దగ్గర చెదరడంలో వింత ఏమీ లేదు.

అందుకే తెలిసినవాళ్లు గదులకు సిరాతో అంకెలు వేస్తారు. పాతిక గజాల దూరాన కాగితం మీద ఆరు వలయాలు గీసి, ఏ గదిది ఆ వలయంలో పేలుస్తారు. ఒక్కోసారి అయిదు గదులు బుద్ధిగా గుమిగూడతాయి, నాలుగోది మాత్రం ఎప్పుడూ కుడివైపు మూలకు పోతుంది. అది అపపాఠం. పరిష్కర్త దాన్ని ఖాళీగా వదిలి మిగతా అయిదింటితో వేటకు పోతాడు. మూడు దెబ్బలు దగ్గరగా పడ్డాయని మురిసిపోయి పెట్టె ఖాయం చేసేవాడికి సగం గదుల సంగతి తెలియదన్నమాట. పాతిక గజాల్లో నెగ్గిన పెట్టెను యాభైలో మళ్లీ పరీక్షించాలి. పెట్టెలు నిజంగా విడిపోయేది అక్కడే.

పరీక్షా విధానం: చేతులు ఇసుక సంచి మీద ఆనాలి, గొట్టం ఆనకూడదు. సిలిండరుకీ గొట్టానికీ మధ్య సందులోంచి మంట, సీసం తునకలు పక్కలకు చిమ్ముతాయి. సంచి గుడ్డ అక్కడ నల్లగా కాలి నోరు తెరుస్తుంది. వేలుంటే వేలికీ అదే గతి.

విశేషం: 300 గ్రెయిన్ల బరువు గుండు 240 కంటే నెమ్మది. నెమ్మదిది కిందికి పడాలి కదా? పాతిక గజాల్లో అది పైన పడుతుంది. గుండు గొట్టం దాటకముందే తుపాకి వెనక్కి తన్ని మూతి పైకి లేస్తుంది. బరువు గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది గనక ఆ లేచిన మూతిలోంచి బయటపడుతుంది. ఆలంకారికులు దీన్ని విరోధాభాసమంటారు. వేటగాడు మాత్రం స్క్రూడ్రైవరుతో గురి తిప్పుకుంటాడు.

మరో విశేషం: ఆ తన్నుకే పేలని గదుల్లోని ఇత్తడి వెనక్కి జరుగుతుంది, గుండు ఉన్నచోట ఉండిపోతుంది. ఇత్తడి అంచు బిగింపు చాలకపోతే ఆరోదాని గుండు ముందుకు పొడుచుకొచ్చి సిలిండరు తిరగనివ్వదు. అయిదు పేల్చి ఆరోదాని పొడుగు కొలిచి చూడటం మర్యాద.

పాఠాంతరం: కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం నిషిద్ధం, అక్కడ "మెత్తని మొన" బదులు "మొత్తం రాగి" అని చదువుకోవాలి. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువుకు గుండు పొడుగవుతుంది. పరీక్ష మళ్లీ మొదలు.

తాత్పర్యం: ఎనిమిది అంగుళాల కాగితం పళ్లెం దుప్పి గుండె, ఊపిరితిత్తుల చోటుకు ప్రతినిధి. ఆనిక లేకుండా, ఈ పెట్టె తూటాలన్నీ ఎంత దూరం నుంచి ఆ పళ్లెంలో పడతాయో కవి అభిప్రాయంలో వేట అంత దూరమే. పెట్టె ఆ అంకె ఎక్కడా చెప్పదు.

ఆశ్వాసాంత గద్య: పెట్టె రెక్క మీద చిన్న అక్షరాల్లో లాట్ నంబరు ఉంటుంది. దీన్నెవరూ చదవరు. పేరు అదే, రంగు అదే, లాట్ మారితే మందు మారి ఉండవచ్చు. కుదిరిన పెట్టె దొరికితే అదే అంకె ఉన్నవి మరో నాలుగు తెచ్చుకోవడం ఉత్తమం. ఇంట్లో ఖర్చు విషయమై వచ్చే ఆక్షేపణలకు ఈ టీకలో సమాధానం లేదు.

ఇక మూలాన్నే తిరస్కరించే శాఖ ఒకటుంది: మందు తూచి, గుండు పోత పోసి, తూటా తామే నింపుకొనేవారు. ఐడహో పశువుల కాపరి ఎల్మర్ కీత్ వీరికి ఆదిగురువు; .44 స్పెషల్‌లో మందు దట్టించి దట్టించి చివరికి కంపెనీల చేత మాగ్నం చేయించినవాడు. ఆయన గీసిన 250 గ్రెయిన్ల గుండు అచ్చుకు లైమన్ కంపెనీ వేసిన అంకె 429421. మొదటి మూడంకెలు నిజం లావు, అబద్ధం లేదు. ఈ శాఖవారికి టీకాకారుడి అవసరం లేదు. సీసం గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా అని వారిలో వారికే పడదు.